సూపర్‌హెటెరోడైన్ ఎవరిది? ఫ్రెంచి రేడియో తొలినాళ్ళలో ల్యూసియన్ లెవీ

రేడియోను కనిపెట్టినదెవరని ప్రశ్నిస్తే మన విద్యార్థులు తడుముకోకుండా మార్కోనీ పేరు చెబుతారు. కొంచెం లోతుగా చదివినవారు జగదీశ్ చంద్ర బోసును, రష్యా శాస్త్రజ్ఞుడైన పోపోవ్‌ను కూడా స్మరిస్తారు. ఇక సూపర్‌హెటెరోడైన్ గ్రాహకం అనే అధ్యాయానికి వచ్చేసరికి పాఠ్యగ్రంథాలు సాధారణంగా అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరొక్కటే చెప్పి సాగిపోతాయి. నేనూ చాలా కాలం తరగతిలో అలాగే చెబుతూ వచ్చాను. అది పూర్తిగా అసత్యం కాదు గాని, సగం సత్యం మాత్రమే. మిగిలిన సగం పారిస్ నగరంలో, ఐఫెల్ స్తంభం నీడలో ఉన్నది. ఆ సగానికి కర్త ల్యూసియన్ లెవీ. ఈయన పరిశోధకుడు మాత్రమే కాదు. తాను కనిపెట్టిన సూత్రంతో గ్రాహకాలను తయారుచేసి అమ్మిన పారిశ్రామికుడు, ఆ గ్రాహకాలలో వినడానికి ఒక ప్రసార కేంద్రాన్ని కూడా స్థాపించిన సాహసి. ఈ మూడు పనులూ ఒకే వ్యక్తి చేతిమీదుగా జరగటం ఆ రోజులలో కూడా అరుదే.

లెవీ 1892లో పారిస్‌లో జన్మించాడు. ఆ నగరంలోని పారిశ్రామిక భౌతిక రసాయన శాస్త్రాల పాఠశాలలో విద్య నభ్యసించాడు. క్యూరీ దంపతులు రేడియం కోసం శ్రమించిన పాతషెడ్డు ఈ పాఠశాల ఆవరణలోనిదే. అక్కడ సిద్ధాంతానికి ఎంత విలువ ఉండేదో చేతిపనికీ అంత విలువ ఉండేది. లెవీ జీవితమంతటిలోనూ ఈ శిక్షణ ముద్ర కనిపిస్తుంది.

అతడు పనిచేసిన చోటును గురించి కొంత చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. 1889లో కట్టిన ఐఫెల్ స్తంభం శాశ్వతంగా నిలవవలసిన కట్టడం కాదు. దానికిచ్చిన అనుమతి 20 సంవత్సరాలకే. గడువు 1909తో తీరిపోవలసి ఉన్నది. దానిని కూల్చివేయాలని కోరిన పెద్దమనుషులకు పారిస్‌లో కొదువ లేదు. గుస్తావ్ ఐఫెల్ తన స్తంభానికి ఏదో ఒక శాస్త్ర ప్రయోజనాన్ని వెదకుతున్న ఆ సమయంలో సైన్యాధికారి గుస్తావ్ ఫెర్రియే దానిమీద నిస్తంత్రి తంతివార్తల కేంద్రాన్ని నెలకొల్పాడు. 300 మీటర్ల ఏరియల్ స్తంభం ఊరక దొరుకుతుంటే ఏ ఇంజనీరు కాదంటాడు? 1910 నుంచి ఆ స్తంభం ఓడలకు కాలసూచక సంకేతాలను పంపసాగింది. 1914లో యుద్ధం వచ్చేసరికి అది దేశానికి చెవి అయింది. అందగత్తె కాదని నగరం ఈసడించిన కోడలు కష్టకాలంలో ఇల్లు నిలబెట్టినట్లయింది.

యుద్ధం మొదలైనప్పుడు ఫ్రెంచి సైన్యానికి మంచి శూన్యనాళికలు లేవు. అవి ఎలా వచ్చాయన్నది నవలలో వ్రాస్తే నమ్మశక్యం కాని సంగతి. పాల్ పిషోన్ అనే ఫ్రెంచివాడు సైన్యం నుంచి పారిపోయి, జర్మన్ కంపెనీ అయిన టెలిఫుంకెన్‌లో ఉద్యోగం చేస్తూ, అమెరికాలో డి ఫారెస్ట్ ఆడియన్ నాళికలను సేకరించి ఓడలో తిరిగి వస్తున్నాడు. యుద్ధం ప్రారంభమైన ఆ రోజుల్లోనే అతడు స్వదేశానికి వచ్చి, పారిపోయిన సైనికుడుగా పట్టుబడ్డాడు. తన దగ్గరున్న వస్తువులను ఫెర్రియేకు చూపాలని కోరాడు. ఫెర్రియే వాటి విలువ గ్రహించాడు. ప్రొఫెసర్ ఆన్రి అబ్రహాం తదితరుల పరిశ్రమతో, లియోన్ నగరంలోని గ్రామోన్ కార్ఖానాలో 1915 నాటికి ‘టి.ఎం.’ అనే ట్రయోడు రూపుదిద్దుకున్నది. సైనిక తంతి శాఖ పేరులోని మొదటి అక్షరాలే దాని పేరు. యుద్ధం ముగిసేలోగా ఇవి లక్షకు పైగా తయారైనాయి.

ఈ శాఖకు ఐఫెల్ స్తంభం దగ్గర ఉన్న ప్రయోగశాల బాధ్యతను వహించినవాడు లెవీ. అతనికి ఎదురైన చిక్కు ఏమిటో ఇంటర్మీడియట్ చదివిన వారెవరైనా అర్థం చేసుకోగలరు. ట్రయోడులో గ్రిడ్డుకు, ప్లేటుకు మధ్య కొద్దిపాటి కెపాసిటీ ఉంటుంది. పౌనఃపున్యం తక్కువగా ఉన్నంతవరకు అది పెద్దగా లెక్కలోకి రాదు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ సందులోనుంచే విద్యుత్తు వెనుకకు జారుతుంది; వర్ధకం వర్ధకంగా ఉండక తానే డోలకమై ఈల వేయటం మొదలుపెడుతుంది. అనగా హ్రస్వ తరంగాలపై వచ్చే బలహీన సంకేతాలను పెంచబోతే యంత్రమే అడ్డుతగులుతుంది. దీనికి తోడు మెరుపుల వలన పుట్టే వాతావరణపు అలజడి ఒకటి, శత్రువు మన మాటలను ఆలకిస్తాడనే భయం మరొకటి.

1917 ఆగస్టు 4వ తేదీన లెవీ ఒక పేటెంటుకు దరఖాస్తు దాఖలు చేశాడు. ఫ్రెంచి పేటెంట్లలో దాని సంఖ్య 493660. అందులో అతడు ప్రధానంగా కోరినది సంభాషణల రహస్యాన్ని కాపాడటం, అలజడిని వడగట్టటం. మాటను నేరుగా వాహక తరంగం మీద ఎక్కించక, ముందు మనిషి చెవికి వినిపించని ఒక మధ్యస్థ తరంగం మీద ఎక్కించి, దానిని మళ్ళీ వాహక తరంగం మీద ఎక్కించటం అందులోని యోచన. గ్రాహకంలో తిరిగి రెండు మెట్లు దిగాలి. రెండు మెట్ల సంగతి తెలియని శత్రువు ఒక మెట్టు దిగి ఏమీ వినలేక వెనుకకు పోతాడు. 1918 అక్టోబరు 1న దాఖలైన రెండవ పేటెంటులో (సంఖ్య 506297) ఈ యోచన విస్తృతమైంది. ప్రేషకం ఎటువంటిదైనా సరే, గ్రాహకంలోనే ఒక చిన్న డోలకాన్ని అమర్చి, వచ్చిన తరంగాన్ని మధ్యస్థ పౌనఃపున్యానికి దించి, అక్కడ వర్ధనం చేసుకోవచ్చునన్నది దాని సారం. ఇదే సూపర్‌హెటెరోడైన్.

పేరు చూసి భయపడనక్కరలేదు. సూత్రం మనం ప్రయోగశాలలో చూసే విస్పందనాలదే. 256, 260 పౌనఃపున్యాలు గల రెండు శృతిదండాలను ఒకేసారి మోగిస్తే శబ్దం సెకనుకు 4 సార్లు హెచ్చి తగ్గుతుందని అందరికీ తెలుసు. రెండు విద్యుత్తరంగాలను కలిపితే కూడా అంతే. వాటి భేదానికి సమానమైన పౌనఃపున్యంతో హెచ్చుతగ్గులు కలుగుతాయి. ఈ ఉపాయాన్ని తంతివార్తలకు వాడవచ్చునని అమెరికాలో ఫెసెండెన్ 1901లోనే చూపి, ‘హెటెరోడైన్’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘హెటెరో’ అంటే అన్యమైనది, ‘డైన్’ అంటే శక్తి. ఫెసెండెన్‌కు కావలసిన భేదం చెవికి వినిపించేది. లెవీకి కావలసిన భేదం చెవికి అందనిది, కాని నాళికలు సుఖంగా వర్ధనం చేయగలిగినది. శ్రవణ సీమకు పైన ఉన్నది గనుక ‘సూపర్’. విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. రెండు తరంగాలను ఊరక కలిపినంత మాత్రాన కొత్త పౌనఃపున్యం పుట్టదు. ఆ మిశ్రమాన్ని ఏకధిక్కరణం చేసే నాళిక గుండా, అనగా వక్ర లక్షణం గల నాళిక గుండా, పంపినప్పుడే భేద తరంగం వేరుపడుతుంది. అందుకే ఆ నాళికను ‘మొదటి డిటెక్టరు’ అనేవారు.

దీనివల్ల వర్ధనం ఒక్కటే సులభమైనదనుకుంటే పొరపాటు. 1000, 1010 కిలోహెర్ట్జుల మీద రెండు కేంద్రాలు ప్రసారం చేస్తున్నాయనుకొందాము. వాటి మధ్య తేడా నూటికి 1 వంతు. నాటి అనునాద వలయాలకు వాటిని విడదీయటం గగనమే. గ్రాహకంలోని డోలకాన్ని 1050 వద్ద నడిపించండి. మొదటి కేంద్రం 50గా మారుతుంది, రెండవది 40గా మారుతుంది. వాటి మధ్య ఇప్పుడు నూటికి 20 వంతుల తేడా ఏర్పడింది. పక్కపక్కన ఒరుసుకొని నిలుచున్న ఇద్దరిని విశాలమైన మైదానంలోకి తెచ్చి దూరంగా నిలబెట్టినట్లు! పైగా ఏ కేంద్రాన్ని వినాలన్నా డోలకం ఒక్కదానినే మార్చుకుంటే సరిపోతుంది. మధ్యస్థ పౌనఃపున్యపు వర్ధకాన్ని ఒకసారి శ్రుతి చేసి ముట్టుకోకుండా వదలివేయవచ్చు. నా మట్టుకు నాకు ఈ ఆవిష్కరణలో అన్నిటికన్నా అందమైనది ఈ చివరి సంగతే.

లోపం లేకపోలేదు. 50 భేదాన్ని 1050 నుంచి కిందికి 1000 మాత్రమే కాదు, పైకి 1100 కూడా ఇస్తుంది. ఆ రెండవ కేంద్రం పిలవని పేరంటానికి వచ్చినట్లు మొదటిదానితో కలసి వినిపిస్తుంది. దీనిని ప్రతిబింబ పౌనఃపున్యం అంటారు. మధ్యస్థ పౌనఃపున్యాన్ని పెంచిన కొద్దీ ఈ బెడద దూరమవుతుంది. తరువాతి కాలపు సెట్లలో 455 కిలోహెర్ట్జులు రావటానికి ఇది ఒక ముఖ్య కారణం. మన హైదరాబాదు ‘ఏ’ కేంద్రపు 738 కిలోహెర్ట్జులకు ముల్లును తిప్పితే, సెట్టులోని డోలకం 1193 వద్ద ఉంటుంది. దానికి ప్రతిబింబం 1648 వద్ద, మధ్యమ తరంగాల ప్రధాన సీమకు ఆవల పడుతుంది. విజయవాడ 837కు లెక్క మీరే వేసుకోవచ్చును.

ఇక ఆర్మ్‌స్ట్రాంగ్ విషయం. 1917లో అమెరికా యుద్ధంలో దిగాక అతడు సైనికాధికారిగా పారిస్ వచ్చాడు. అక్కడి సిగ్నల్ కోర్ ప్రయోగశాలలో అతడు తలపడినది కూడా ఇదే చిక్కుతోనే. హ్రస్వ తరంగాలపై వచ్చే బలహీన సంకేతాలను వినటం. అతడు ఎనిమిది నాళికల గ్రాహకాన్ని నిర్మించి, 1918 డిసెంబరు 30న ఫ్రాన్సులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అమెరికాలో 1919 ఫిబ్రవరిలో దరఖాస్తు చేసి 1920 జూన్ 8న పేటెంటు పొందాడు. జర్మనీలో వాల్టర్ షాట్కీ 1918 జూన్‌లోనే ఇటువంటి యోచననే దాఖలు చేసి ఉన్నాడు. ఒక అవసరం గాలిలో ఉన్నప్పుడు అది ఒకరికంటె ఎక్కువమందికి తడుతుంది. కాని పేటెంటు చట్టానికి ఈ వేదాంతంతో పనిలేదు. దానికి కావలసినది తేదీ.

లెవీ 1918 ఆగస్టులో అమెరికాలోనూ దరఖాస్తు పెట్టి ఉన్నాడు. టెలిఫోను కంపెనీలలో అతి పెద్దదైన ఏ.టి. అండ్ టి. ఆ హక్కులను కొన్నది. ఆర్మ్‌స్ట్రాంగ్ హక్కులను వెస్టింగ్‌హౌస్ కంపెనీ అంతకుముందే కొనివున్నది. అప్పటినుంచి ఇది ఇద్దరు ఇంజనీర్ల వివాదం కాదు, రెండు ధనాగారాల వ్యాజ్యం. చివరకు ఆర్మ్‌స్ట్రాంగ్ పేటెంటులోని 9 అంశాలూ అతని చేయి జారిపోయాయి. వాటిలో 7 లెవీకి దక్కాయి. ఒకటి జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన అలెగ్జాండర్‌సన్‌కు, మరొకటి బెల్ సంస్థకు చెందిన కెండల్‌కు పోయాయి. 1929 నవంబరు 5న లెవీకి అమెరికా పేటెంటు (సంఖ్య 1734938) జారీ అయింది.

తీర్పు లెవీకి వచ్చింది. పేరు ఆర్మ్‌స్ట్రాంగ్‌కే మిగిలింది. ఇది అన్యాయమని కొందరు ఫ్రెంచి రచయితలు ఆవేశంగా వ్రాశారు. నేను అంత దూరం పోను. లెవీ మొదటి పేటెంటు ముఖ్యంగా రహస్య ప్రసారాన్ని ఉద్దేశించినదన్న మాట మరువరాదు. హ్రస్వ తరంగాల వర్ధనానికి ఈ పద్ధతి ఎంత శక్తివంతమైనదో ప్రయోగపూర్వకంగా చూపి, ఇంజనీర్ల సభల్లో వివరించి, ప్రపంచానికి నేర్పినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్. అయితే యోచన ముందుగా కాగితం మీద ఎవరి పేరున నమోదైంది అని అడిగితే, లెవీ పేరు చెప్పకుండా దాటిపోవటం మాత్రం చరిత్ర కాదు.

అమెరికాలో ప్లీడర్లు పోట్లాడుకుంటూ ఉండగా పారిస్‌లో లెవీ ఊరక కూర్చోలేదు. 1920 ప్రాంతంలోనే సైనిక ప్రయోగశాలను విడిచి, తన పేరులోని రెండు అక్షరాలతో ‘రేడియో ఎల్.ఎల్.’ అనే వ్యాపార సంస్థను స్థాపించాడు. అది తయారుచేసినవి ప్రధానంగా సూపర్‌హెటెరోడైన్ సెట్లే. నాటి సామాన్య గ్రాహకానికి ఇంటి కప్పు మీద పొడవాటి ఏరియల్ తీగ కట్టాలి, భూమిలోకి మరొక తీగ దించాలి. సూపర్‌హెటెరోడైన్‌కు గదిలో బల్ల మీద నిలిపిన చట్రపు ఏరియల్ చాలును. దానిని ఇటూ అటూ తిప్పి అవాంఛిత కేంద్రాన్ని తగ్గించుకోవచ్చు. పారిస్ వంటి నగరంలో అద్దె ఇళ్ళలో ఉండేవారికి ఇదెంత వెసులుబాటో ఊహించవచ్చు. కాని నాళికలు ఎక్కువ, వాటిని వేడిచేసే బ్యాటరీల ఖర్చు ఎక్కువ. అందుచేత మొదట ఇది కలవారి వస్తువే అయింది. తరువాత ఫ్రెంచి తయారీదారులు రెండు గ్రిడ్డులు గల నాళికను వాడి, డోలకం పనిని, మిశ్రమం చేసే పనిని ఒకే నాళికకు అప్పగించి ఖర్చు తగ్గించారు.

గ్రాహకాలు అమ్మాలంటే వినదగిన కార్యక్రమాలుండాలి. ఈ సత్యాన్ని ఫ్రాన్సులో మొదట ఆచరణలో పెట్టినది ఎమిల్ జిరార్దో నాయకత్వంలోని పెద్ద సంస్థ. అది తన రేడియోలా సెట్ల కోసం 1922 నవంబరులో అదే పేరుతో ప్రసార కేంద్రాన్ని ప్రారంభించింది. 1924లో అది ‘రేడియో పారీ’ అయింది. జిరార్దో వెనుక పెద్ద పెట్టుబడి, ఖండాంతర తంతివార్తల వ్యాపారం ఉన్నాయి. లెవీకి ఉన్నది తన కార్ఖానా ఒక్కటే. అయినప్పటికీ 1926లో అతడు పారిస్‌లో ‘రేడియో ఎల్.ఎల్.’ కేంద్రాన్ని గాలిలోకి ఎక్కించాడు.

ఇది చట్టానికి అంచున నడిచే వ్యవహారం. 1923 చట్టం ద్వారా ఫ్రెంచి ప్రభుత్వం రేడియో ప్రసారాలను కూడా తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నది. ప్రైవేటు కేంద్రాలు ప్రభుత్వ సహనం మీద ఆధారపడి బ్రతకవలసినవే. నేడున్న సహనం రేపు ఉంటుందన్న హామీ లేదు. పెట్టుబడి పెట్టిన చిన్న పారిశ్రామికుడికి ఇది మెడమీద వ్రేలాడే కత్తి. 1928 మార్చి చట్టం వచ్చి, 1927 చివరినాటికి నడుస్తున్న 13 ప్రైవేటు కేంద్రాలను కొనసాగనిచ్చి, కొత్తవాటికి తలుపు మూసింది. లెవీ కేంద్రం ఆ పదమూడింటిలో ఒకటి. ఆ విధంగా అతనికి తన యంత్రాలకంటె విలువైన ఆస్తి ఒకటి సంక్రమించింది, అది అనుమతి. కార్ఖానాను ఎవరైనా కట్టగలరు, పారిస్‌లో ప్రసారం చేసే హక్కును ఇక ఎవరూ కొత్తగా సంపాదించలేరు.

ఆ విలువను గుర్తించినవాడు ప్రకటనల వ్యాపారి మార్సెల్ బ్లూస్టీన్. 1935లో అతడు లెవీ కేంద్రాన్ని కొని, ఆ ఏడాది సెప్టెంబరులో ‘రేడియో సిటే’ అని మార్చి, ప్రేక్షకుల ఎదుట గానకచేరీలు, పోటీలు, సంఘటన స్థలం నుంచి వార్తలు, ప్రకటనలతో కొత్త ఒరవడి దిద్దాడు. అప్పుడే వెలుగులోకి వస్తున్న గాయని ఎడిత్ పియాఫ్ కంఠాన్ని శ్రోతలకు చేర్చిన కేంద్రాలలో ఇదొకటి. 1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్ ప్రవేశించటంతో అది మూతపడింది. బ్లూస్టీన్ పేరు, పియాఫ్ పేరు ఫ్రెంచివారికి గుర్తున్నవి. ఆ అనుమతిని సంపాదించి పెట్టిన ఇంజనీరు పేరు ప్రకటనల పుస్తకాలలో ఒక వాక్యానికి మించి కనిపించదు. ఆవిష్కరణ విషయంలో అమెరికాలో జరిగినదే ప్రసార విషయంలో స్వదేశంలోనూ జరిగింది.

లెవీ 1965లో మరణించాడు. అప్పటికి నాళికల స్థానాన్ని ట్రాన్సిస్టర్లు ఆక్రమిస్తున్నాయి. నాళిక పోయింది గాని, వచ్చిన తరంగాన్ని మధ్యస్థ పౌనఃపున్యానికి దించి వర్ధనం చేసే పద్ధతి పోలేదు. టెలివిజన్‌లోనూ రాడార్‌లోనూ అదే ప్రవేశించింది.

విశ్వాసం కలగనివారు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముల్లు తిప్పే రెండు పాత ట్రాన్సిస్టరు సెట్లను ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద పెట్టండి. రాత్రివేళ ఒకదానిలో 1200 కిలోహెర్ట్జుల ప్రాంతంలో ఏదైనా బలహీనమైన దూరపు కేంద్రాన్ని పట్టి అలాగే ఉంచండి. రెండవ సెట్టు ధ్వనిని పూర్తిగా తగ్గించి, దాని ముల్లును 745కు అటూ ఇటూ మెల్లగా కదిలించండి. ముల్లు ఒక చోటికి వచ్చేసరికి మొదటి సెట్టులో సన్నని ఈల పుట్టి, కిందికి దిగి, క్షణం మాయమై, మళ్ళీ పైకి లేస్తుంది. ఆ ఈల ఏ కేంద్రమూ పంపినది కాదు. రెండవ సెట్టు లోపల, 455 కిలోహెర్ట్జులు పైన నడుస్తూ, మనకు ఎన్నడూ వినిపించకుండా పనిచేసుకొనిపోయే చిన్న డోలకానిదది.